నవ్వు మొహం మీద టిక్కు

"నువున్ సెవు... నువున్ సెవు..."

యోగ్య అనే ఊళ్లో, పెద్ద బజారులో, ముందు ఆ మాట మెట్లెక్కి వచ్చేది. సన్నగా, ఊపిరి కలిసిపోయి, తడిసిన దారాన్ని ఎవరో మెల్లగా లాగుతున్నట్టు. వెయ్యి మన్నింపులు కోరుకుంటున్నాను, కాస్త దారివ్వండి అని దాని అర్థం. అది చెవిన పడగానే మెట్ల మీద బేరాలాడుకునేవాళ్లు, టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్లు గోడకి ఒదిగేవాళ్లు. తర్వాత మూట కనిపించేది. గోనెలో కుట్టిన బతిక్ అద్దకం బట్టల మూట, మనిషంత పొడుగు. ఆ తర్వాత మూటని వీపుకి కట్టిన చారల గుడ్డ, గుండెల మీద దాని ముడిని పట్టుకున్న రెండు చేతులు. అన్నిటికన్నా చివర, మూట కింద, మెట్లని ఒక్కొక్కటిగా చదువుతున్నట్టు తల వంచుకుని, పొనిరా.

ముప్పై ఎనిమిదేళ్లు ఆమె ఆ మెట్లకి మన్నింపులు చెప్పుకుంది.

ఐదు రోజుల సంతవారంలో పోన్ నాడు పుట్టింది కనక పొనిరా. పుట్టింది పడమటి కొండల్లో. పదిహేడో ఏట తల్లి వెనక బజారుకొచ్చింది. తల్లి కూడా కూలిమనిషే. మొదటి రోజు తల్లి ఆమెకి రెండే నేర్పింది. మూట ఎత్తేముందు నడికట్టు బిగించి చుట్టుకోవడం, ఎత్తాక దారిలో ఎవరినీ తాకకుండా మన్నింపు కోరుకోవడం. బరువెలా మోయాలో తల్లి నేర్పలేదు. బరువే నేర్పింది. భర్త బావులు తవ్వేవాడు. ఒక బావి ఆయన్ని తిరిగి పైకి పంపలేదు. కూతురు లస్త్రి కొండ మీది ఇంట్లో మేకల్నీ కర్రపెండలం చేనునీ చూసుకునేది. పొనిరా నాలుగు రోజులు బజారులో గోనెల పక్కన పడుకుని, ఐదో రోజు కొండెక్కేది.

నడికట్టంటే నల్లటి పట్టీ. జానెడు వెడల్పు, పన్నెండు మూరల పొడుగు. ఆ కొండల్లో ఆడవాళ్లు దాన్ని ఊపిరిలాగే ఒంటి మీద ఉంచుకుంటారు. పొనిరాకి అది సరిగ్గా ఏడు చుట్లొచ్చేది. ఏడో చుట్టు కొసని లోపలికి దోపి, రెండు అరచేతులతో ఒకసారి తట్టుకుంటే ఆ రోజు మొదలైనట్టు. బజారులో ముప్పై ఎనిమిదో సంవత్సరాన కొస మిగిలిపోవడం మొదలైంది. ఎనిమిదో చుట్టు పడింది. కొన్నాళ్లకి తొమ్మిదోది. పట్టీ సాగిందనుకుంది.

నడుము నొప్పి ఆ మెట్ల మీద ఎవరికి లేదు? పొద్దున టీ దగ్గర దాని క్షేమం అడుగుతారు, ఇంట్లో ఉండే అత్తగారిని అడిగినట్టు. ఇదివరకు మూట దించితే నొప్పి కూడా దిగేది. ఆ ఏడు మూట దిగుతోంది, నొప్పి దిగడం లేదు. మోస్తున్నప్పటికన్నా పడుకున్నప్పుడే ఎక్కువ. నడుము మధ్య ఒకచోట, బొగ్గు కణిక పెట్టి ఎవరో ఊదుతున్నట్టు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లంతా నులివెచ్చగా అయ్యేది.

"గాలి పట్టిందే నీకు," అనేది తుకినెమ్. పొనిరాకి పాతికేళ్లుగా మెట్ల పక్క నేస్తం. పొనిరా వీపుకి కొబ్బరినూనె రాసి, ఆ గాలి బయటికి పోవాలని అరిగిన రాగిబిళ్లతో గీస్తుండేది. "చూడు, ఎంత ఎర్రగా లేచాయో చారలు! లోపల తుపానే ఉంది."

"మెల్లిగా గియ్యవే. నేనేమన్నా కొబ్బరికాయనా?"

"కొబ్బరికాయైతే తురుముకుని కూరొండుకునేదాన్ని. నీలో ఏముంది, ఎముకలు తప్ప."

ఉపవాస నెల ఇంకా నాలుగు నెలలుందనగా హనుంగ్ బజారుకొచ్చాడు. మెట్ల పక్కన బతిక్ దుకాణం నడిపిన మర్సూది అమ్మగారి కొడుకు. ఇప్పుడు పెద్దాసుపత్రిలో నొప్పుల డాక్టరు. తెల్ల చొక్కా, తల్లివే ఆ కళ్లు. మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ల ముందు అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. అందరూ కంగారుపడి లేవబోయారు.

"ఎంబొక్ పొనిరా, గుర్తుపట్టారా నన్ను?" అన్నాడు, తల్లి వయసు మనిషిని పిలవాల్సిన పిలుపుతో. "మీ మూట మీద కూర్చుని పైకి వచ్చేవాణ్ణి."

"అయ్యో చిన్నబాబూ! మూటకన్నా మీరే తేలిక. మూట తన్నదు, మీరు తన్నేవారు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. తర్వాత నవ్వు దించేసి అన్నాడు: "అమ్మ పోయేముందు మీ నడుము గురించి అడిగింది. ఇంతమంది నడుములు బాగుచేస్తావు కదా, పొనిరా నడుము చూశావా అంది. చూడలేదన్నాను."

పొనిరా తల వంచుకుంది. మర్సూది అమ్మగారు పోయిన రోజున ఆమె మూట మోస్తూనే ఏడ్చింది. రెండు చేతులూ ముడి మీద ఉన్నాయి, కళ్లు తుడుచుకోవడం కుదరలేదు.

హనుంగ్ వివరంగా చెప్పాడు. కోత ఉండదు, కుట్లుండవు. సన్నటి సూది, అంతే. వెన్నుపూసల మధ్య చిన్న చిన్న కీళ్లుంటాయి. ఏళ్లతరబడి మోస్తే అవి అరిగి ఏడుస్తుంటాయి. ఆ ఏడుపుని పైకి మోసుకెళ్లే సన్నటి నరాలుంటాయి. ముందు ఆ నరాల దగ్గర మందేసి కాసేపు నిద్రపుచ్చుతారు. నొప్పి పోతే దోషి అవేనని తేలినట్టు. రెండుసార్లు అలా చూసి, అప్పుడు సూది కొసని వేడిచేసి వాటిని కాల్చేస్తారు. సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు.

"ముందు మీకు చేస్తాను, ఎంబొక్. ఆసుపత్రి పెద్దల్ని ఒప్పించాను. ఒక్క కూలిమనిషికి పనిచేసిందని చూపిస్తే, ఈ మెట్ల మీద వాళ్లందరికీ ఉచితంగా చెయ్యనిస్తామన్నారు."

అతను వెళ్లాక తుకినెమ్ తన మోకాళ్లు ఒత్తుకుంటూ అంది: "ఏడుపు మోసే నరమట. అదీ మనలాంటి కూలిదేనే. పాపం, దాన్ని కాల్చేస్తారట."

పన్నెండు మంది ఆడవాళ్లు పొనిరా నడుము వైపు చూస్తున్నారు. పెళ్లిచూపులకి వెళ్తున్న అక్కని చెల్లెళ్లు చూసినట్టు.

*

ఆసుపత్రి గదిలో చల్లగా ఉంది. నర్సు పేరు వెనింగ్. ముప్పై ఏళ్లుంటాయి, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. పొనిరా నడికట్టు విప్పడానికి ఆ అమ్మాయి సాయం చేసింది. విప్పుతూ విప్పుతూ నవ్వింది.

"తొమ్మిది చుట్లా, ఎంబొక్! నన్ను కూడా కలిపి చుట్టొచ్చు."

"కొన్నప్పుడే పొడుగు ఎక్కువ కొన్నానమ్మా."

వీపు మీద ఎర్రచారలు చూసి వెనింగ్ నూనె జిడ్డు తుడిచేసింది. వాళ్లమ్మ వీపు మీదా అవే చారలు. ఆ ఊళ్లో ఎవరి వీపు మీద లేవు?

తర్వాత హనుంగ్ ప్రశ్నలు అడిగాడు. పెద్దమనుషులతో మాట్లాడే పై మాటల్లో అడిగాడు, ఆమె వయసుకి మర్యాదగా. ఆమె కూడా పై మాటల్లోనే జవాబు చెప్పింది, అతని చదువుకి మర్యాదగా. ఆ పై మాటల్లో పొనిరాకి వచ్చినవి కొన్నే. చిత్తం, మహాప్రసాదం, మన్నించండి. తన బాధల్ని వరసపెట్టి ఎదుటివాళ్ల ముందు పరిచే మాటలు ఆమె తల్లికి రావు, ఆమెకీ రావు.

"పడుకున్నప్పుడు నొప్పి ఎక్కువవుతుందా, ఎంబొక్?"

ఎక్కువవుతుంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. పడక గురించి, అందులోనూ ఈ బాబుతో, ఎలా చెప్పడం? "లేదండీ, బాగానే ఉంటుంది."

"సాయంత్రాలు జ్వరం వస్తుందా?"

"రాదండీ." ఇది అబద్ధమని ఆమె అనుకోలేదు. గాలి పట్టడం వేరు, జ్వరం వేరు.

"బరువు తగ్గారా?"

"ఎప్పుడూ ఇంతేనండీ."

ఒకరినొకరు పై మెట్టు మీద కూర్చోబెట్టుకుంటూ ఇద్దరూ అలా మాట్లాడుకున్నారు. కింది మెట్టు మీద కూర్చున్న నొప్పి ఎవరికీ కనిపించలేదు. ఎక్స్‌రేలో అరిగిన కీళ్లు కనిపించాయి, కూలివాళ్లందరికీ అరిగినట్టే. పెద్ద స్కానింగుకి నెలల పొడుగు వరస ఉంది. ఇన్ని శుభ్రమైన జవాబులున్న మనిషిని ఆ వరసలో నిలబెట్టాలని హనుంగ్‌కి తోచలేదు.

బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, ఎక్స్‌రే కిరణాల్ని ఆపే సీసపు కోటు తొడుక్కుని సూదులు వేశాడు. పావుగంట పట్టింది. లేచి కూర్చునేసరికి అతను బల్ల కిందికి వంగి ఆమె రబ్బరు చెప్పుల్ని తన చేత్తో తీసి, ఆమె పాదాల ముందు జతగా పెట్టాడు.

ఆ చెప్పులే తర్వాత జరిగినవాటికి కారణమని చెప్పలేం. కాదనీ చెప్పలేం.

వెనింగ్ ఒక కాగితమిచ్చింది. ఆరు వరసలు, గంటకొకటి. ఒక్కో వరసలో ఆరు గుండ్రటి మొహాలు. మొదటిది పెదాలు చెవుల దాకా సాగదీసి నవ్వుతోంది. చివరిది ఏడుస్తోంది, బుగ్గ మీద మూడు చుక్కలు.

"మీరు రోజూ చేసే పనే చెయ్యండి, ఎంబొక్. ఏది చేస్తే నొప్పి వస్తుందో అదే. గంటకోసారి ఎలా ఉందో ఆ మొహం మీద టిక్కు పెట్టండి. ఉన్నదున్నట్టు పెట్టండి, ఏం?"

"చిత్తం."

*

మెట్ల కింద, మిరపకాయల బస్తాల పక్కన, తుకినెమ్ కాగితాన్ని కాళ్ల మీద పరుచుకుని చూసింది.

"ఈ చివరిది అచ్చం నీ మొగుడిలా ఉందే."

"ఆయన ఏడ్చేవాడు కాదు. ఏడిపించేవాడు."

"సరే, ఎలా ఉంది ఇప్పుడు?"

పొనిరా మూడు మూటలు పైకి చేర్చి వచ్చింది అప్పటికి. కూర్చోబోయి, గోడ పట్టుకుని, మెల్లగా కూర్చుంది. "పైన తోలు మొద్దుబారింది. లోపల నిప్పు నిప్పే."

"మరింకేం. ఈ ఏడుపుగొట్టు మొహానికి పెట్టు."

"మతిపోయిందా నీకు? చెమటలు కక్కుకుంటూ, అంత బరువు కోటు తొడుక్కుని నిలబడ్డాడు ఆ బాబు. నా చెప్పులు చేత్తో ముట్టుకున్నాడు. ఆయనకి ఏడుపు మొహం పంపమంటావా?"

"పోనీ మధ్యది పెట్టు."

"మధ్యది మూతి ముడుచుకుని ఉంది. అలిగాననుకుంటాడు."

తుకినెమ్ కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "ఈ రెండోది కొంచెం నవ్వుతోంది."

"కొంచెం నవ్వితే, కొంచెమే బాగుందని ఆసుపత్రి పెద్దలు ఒప్పుకోకపోతే?"

బజారు పైకప్పు సందుల్లోంచి ఎండ దూలంలా దిగి, మిరపకాయల దుమ్ములో నిలబడింది. తుకినెమ్ తన నడుముని పిడికిలితో రెండుసార్లు గుద్దుకుంది, తలుపు తట్టినట్టు.

"నా వంతు ఎప్పుడొస్తుందో," అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

పొనిరా పెన్సిలు తీసుకుంది. మూడో తరగతిలో బడి మానేసిన చేత్తో, నాలుక కొస బయటపెట్టి, నవ్వు మొహం మీద టిక్కు పెట్టింది. గంటకొకటి. ఆరు గంటలు, ఆరు నవ్వులు. ప్రతి నవ్వుకీ మధ్య ఆమె మూటలెత్తింది, మన్నింపులు కోరింది, పళ్లు బిగించింది.

కాగితం అందుకున్న రోజున వెనింగ్ దాన్ని ఎక్కువసేపే చూసింది.

"ఆరూ ఇవేనా, ఎంబొక్?"

"చిత్తం."

ఆ చిత్తానికి ముందు ఒక చిన్న ఖాళీ ఉంది. వెనింగ్ కలం కాగితం మీద ఆగడం పొనిరా చూసింది. ఈ అమ్మాయి అడగబోతోంది అనిపించింది. అడగకూడదనీ ఉంది, అడగాలనీ ఉంది. అంతలో తలుపు తీసుకుని హనుంగ్ వచ్చాడు, కాగితం చూశాడు. అతని మొహం కూడా ఆ వరసలో మొదటి మొహంలా అయిపోయింది.

"ఎంబొక్! అమ్మ ఉంటే ఎంత సంతోషపడేదో!"

కలం కదిలింది. రాసేసింది.

రెండు వారాలకి రెండో పరీక్ష. మళ్లీ ఆరు నవ్వులు. ఆ తర్వాత వారం నరాలు కాల్చారు.

"జివ్వుమంటే చెప్పండి, ఎంబొక్." "చిత్తం." "ఇప్పుడు బరువుగా ఉందా?" "చిత్తం." సూది కొస వేడెక్కింది. తొంభై అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉంచి, మరోచోట మళ్లీ తొంభై. కాలిన వాసన వస్తుందేమోనని పొనిరా ఊపిరి బిగబట్టింది. ఏమీ రాలేదు. తుకినెమ్ మాట గుర్తొచ్చింది. లోపల ఎక్కడో ఒక చిన్న కూలిమనిషి, మూట దించకుండానే, మెట్ల మధ్యలో కూలబడినట్టు అనిపించింది. ఏ తప్పూ చెయ్యని మనిషి.

బొగ్గు కణిక మాత్రం అలాగే ఉంది.

*

నెల రోజులాగి హనుంగ్ బజారుకొచ్చాడు, తన కళ్లతో చూడాలని. అతను వస్తున్నాడని తెలిసి పన్నెండుమందీ మెట్లకి ఇరువైపులా నిలబడ్డారు. పొనిరా తేలిక మూట ఎత్తితే సరిపోయేది. డాక్టరు తేలికవే ఎత్తమన్నాడు కూడా. ఆమె పెద్దమూట ముందు గొంతుక్కూర్చుని, చారల గుడ్డని గుండెల మీద ముడేసుకుని లేచింది. లేస్తున్నప్పుడు లోకమంతా ఒక్కసారి తెల్లబడింది. తర్వాత రంగులు మెల్లగా తిరిగొచ్చాయి.

"నువున్ సెవు... నువున్ సెవు..."

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. హనుంగ్ ఫోనెత్తి ఫొటో తీసుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. పైన మూట దించి ఆమె కిందికొచ్చేసరికి అతను మెట్టు మీద కూర్చుని, పన్నెండు పేర్లూ రాసుకుంటున్నాడు. తుకినెమ్ పేరు మొదటిది.

అతను వెళ్లాక తుకినెమ్ ఒక రబ్బరు చెప్పు పట్టుకుని దిగొచ్చింది.

"ఏమే మహారాణీ, రెండో అంతస్తులో చెప్పు విడిచి వచ్చావు. డాక్టరుబాబు తొడుగుతాడనా?"

పొనిరా కిందికి చూసుకుంది. కుడికాలికి చెప్పుంది. ఎడమ పాదం ఉత్తది. మెట్ల గచ్చు మీద ఇరవై మెట్లు ఉత్తకాలితో దిగింది. చల్లదనం తెలియలేదు. గరుకూ తెలియలేదు.

"తెలియలేదే నాకు," అంది.

తుకినెమ్ నవ్వుతూ ఆమె మొహం చూసింది. నవ్వు ఆపేసింది. "పద, ఆసుపత్రికి పోయి చెబుదాం."

"ఇప్పుడా? ఇప్పుడే కదా మీ పేర్లు రాసుకున్నాడు! మీవి అయిపోనీ. నాదేముంది, తిమ్మిరి."

ఆ పేర్లకి పిలుపు రాకముందే, సంతవారంలో ఐదో రోజున, కొండ మీది ఇంట్లో, తెల్లవారి పొయ్యి వెలిగించడానికి లేవబోతే కాళ్లు లేవలేదు. నొప్పెడితే మాట వినని కాళ్లు ఆమెకి తెలుసు. ఇవి అలా లేవు. ఎవరో తెచ్చి ఆమె చాపమీద పెట్టి మరిచిపోయిన కాళ్లలా ఉన్నాయి. లస్త్రి కేకకి ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. వెదురు కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక, రోడ్డు దాకా మోసుకుంటూ దింపారు. పుట్టి బుద్ధెరిగాక ఆమెని ఇంకొకరు మోయడం అదే మొదలు. దారిపొడుగునా మన్నింపు కోరుతూనే ఉంది, ఈసారి మోస్తున్నవాళ్లని.

స్కానింగు వరస ఆ రోజు ఆమె కోసం పక్కకి జరిగింది. రెండు పూసలు చెదపట్టిన గుంజల్లా ఉన్నాయి. ఎముక క్షయ. దగ్గేవాళ్లకే వస్తుందనుకున్న జబ్బు, దగ్గు లేకుండా, వెన్నులో ఇల్లు కట్టుకుంది. చీము వెనక్కి పొంగి వెన్నుపాముని నొక్కేసింది. కోత లేదని మొదలైన వైద్యం మూరెడు కోత దగ్గరికొచ్చింది. చీము తీశారు, ఊచలు బిగించారు, ఏడాదికి సరిపడా మాత్రలిచ్చారు. ప్రాణం నిలబడింది. కాళ్లు తిరిగి రాలేదు. రెండు నెలల ముందైతే మాత్రలతోనే జబ్బు పోయేదని కోసిన డాక్టరు హనుంగ్‌కి చెప్పాడు. చెబుతున్నప్పుడు తలుపు పూర్తిగా మూసి లేదు. పొనిరా వింది.

హనుంగ్ పాత కాగితాలు పట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"పడుకుంటే నొప్పి ఉందా అని అడిగాను. జ్వరం అడిగాను. బరువు అడిగాను. పన్నెండు నవ్వు మొహాలున్నాయి ఇక్కడ. ఎందుకు, ఎంబొక్?"

పొనిరా జవాబు కోసం వెతికింది. పై మాటల్లో వెతికింది, దొరకలేదు.

"అమ్మగారు పోయాక మీరు చాలా చిక్కిపోయారు, చిన్నబాబూ," అంది. "మీకు ఇంకో కష్టం ఎందుకని."

అతను కాగితాల్లో మొహం దాచుకున్నాడు. ఆమె చెయ్యి చాచింది, అతని భుజం అందలేదు.

"నువున్ సెవు," అంది.

"మీరనకండి ఆ మాట," అన్నాడు అతను. "మీరు అనకండి."

*

వానాకాలంలో ఒక ఐదో రోజున తుకినెమ్ కొండెక్కి వచ్చింది, అరిటాకులో సోయా గింజల తీపి తెంపె ముక్కలు కట్టుకుని. పన్నెండుమందినీ ముందు స్కానింగుకి పంపారట. తర్వాత పరీక్ష సూదులు వేశారట.

"మొహాల కాగితం తీసేశారే. ఆ నర్సు పిల్లే నేరుగా బజారుకొచ్చింది. నా పక్కన మెట్టు మీద కూర్చుంది. కూర్చుని ఏమందో తెలుసా? 'ఏమే ముసలీ, ఇంకా చంపుతోందా నీ నడుం?' అంది! మన బజారు మాటలో! తెల్లబట్టలేసుకుని!"

"అయ్యయ్యో! నువ్వేమన్నావు?"

"నాకూ నోరు జారింది. 'చంపుతోంది! నీ సూదిలో ఉన్నది నీళ్లే' అనేశాను. తిడుతుందనుకున్నా. 'హమ్మయ్య' అంది. అని, రాసుకుంది. నాది కీళ్లు కాదట, ఇంకేదో అట. నరాలు కాల్చరట. వేరే చూస్తారట."

తుకినెమ్ పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, చాప మీద కదలకుండా ఉన్న రెండు పాదాల దగ్గర ఆమె నవ్వు ఆగిపోయింది. కొంగుతో ఆ పాదాల మీది ఈగని తోలింది.

తర్వాత వారం వెనింగ్ వచ్చింది. వాన వెలిసి, కర్రపెండలం ఆకుల మీంచి నీళ్లు చుక్కచుక్కగా రాలుతున్నాయి. పొనిరా కిటికీ పక్కన చాప మీద, గోడకి ఆనుకుని ఉంది. నడికట్టు కట్టుకునే ఉంది. పది చుట్లొస్తోంది. ఎత్తాల్సిన మూట లేకపోయినా పొద్దున్నే లస్త్రి చేత చుట్టించుకుని, కొస దోపి, రెండు అరచేతులతో తట్టుకుంటుంది.

లస్త్రి టీ తెచ్చింది. వెనింగ్ తాగలేదు. గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకుని కూర్చుంది.

"నాకు తెలుసు ఎంబొక్, ఆ రోజే," అంది చివరికి. "మా అమ్మ కూడా అలాగే అంటుంది. బాగానే ఉందమ్మా అంటుంది. అనేముందు అలాగే కొంచెం ఆగుతుంది. తెలిసీ రాశాను."

"నీ కలం ఆగింది. నేనూ చూశాను."

"అడగాల్సింది. తిట్టండి నన్ను."

"తిట్టడం నాకు రాదమ్మా. తుకినెమ్‌ని పిలిపించు."

వెనింగ్ నవ్వబోయి ఏడ్చింది. పొనిరా ఆమెని ఏడవనిచ్చింది. టీ చల్లారుతోందని కూడా అనలేదు. బయట మేక ఒకటి మెడగంట ఆడించి ఊరుకుంది.

కాసేపటికి వెనింగ్ మొహం తుడుచుకుని, సంచిలోంచి అట్ట తీసింది. మొహాల కాగితాలు ఇంకా కొన్ని మిగిలాయేమో, అట్ట కింద ఒకటుంది. దాన్ని పక్కన పెట్టబోతే పొనిరా చెయ్యి చాచి అందుకుంది. పెన్సిలు కూడా అడిగి తీసుకుంది. ఆరు మొహాల మీదా వేలు నడిపించింది, నవ్వు నుంచి ఏడుపు దాకా, ఏడుపు నుంచి మళ్లీ నవ్వు దాకా.

వెనింగ్ గొంతు సవరించుకుని, పై మాటలన్నీ వదిలేసి, బజారు మాటలో అడిగింది.

"చెప్పవే ముసలీ. ఉన్నదున్నట్టు చెప్పు. ఎంత నొప్పి?"

పొనిరా పెన్సిలు మొనని తన తొడ మీద ఆనించింది. నొక్కింది. ఇంకా నొక్కింది. చీర మీద నల్లటి చుక్క పడి, చుక్క చుట్టూ గుడ్డ గుంట పడింది. అక్కడే కాసేపు చూసింది, మెట్లని చూసినట్టు. తర్వాత పెన్సిలెత్తి, కాగితం మీద మొదటి మొహానికి, పెదాలు చెవుల దాకా సాగదీసిన ఆ నవ్వుకి, నిదానంగా టిక్కు పెట్టింది.

కాగితాన్ని వెనింగ్ ఒళ్లో పెట్టి, బజారు మాటలోనే అంది:

"లేదే పిల్లా. ఈసారి మొహమాటానికి కాదు, నిజంగానే లేదు. రాసుకో."